ఆడుకోవడానికి కూడా తోడు కావాలా?

ఉద్యోగం కోసం విదేశాలకు వెళ్తానంటే ఆడపిల్లను ఇప్పుడు పెద్దగా ఎవరూ ఆపడం లేదు. పైచదువుకు వెళ్తానంటే అప్పు చేసి అయినా పంపిస్తున్నారు. కూతురి పురుటికి అమెరికా వెళ్ళే తల్లికి ఇంటిల్లిపాదీ కలిసి పచ్చళ్ళూ పొడులూ కట్టి పెట్టెలు సర్దుతున్నారు. కానీ నలభై అయిదేళ్ళ స్త్రీ "నేనొక్కదాన్నే టోక్యో వెళ్ళి, అక్కడి డిస్నీలాండ్‌లో రెండు రోజులు ఆడుకుని వస్తాను" అంటే ఆ ఇల్లు ఏమంటుంది? "ఒక్కదానివా? ఎవరున్నారక్కడ? ఏం పని? ఈ వయసులో ఆటలేమిటి?" అంటుంది.

ప్రశ్నలు నాలుగైనా వాటి వెనక ఉన్న నమ్మకం ఒక్కటే. స్త్రీ చేసే ప్రయాణం ఇంకెవరికో ఉపయోగపడాలి. జీతం రావాలి, బిడ్డను ఎత్తుకోవాలి, లేదంటే పుణ్యమైనా దక్కాలి. ఎవరికీ పనికిరాని, కేవలం తన సంతోషం కోసం చేసే ప్రయాణాన్ని మాత్రం కుటుంబం అర్థం చేసుకోలేదు. మగవాడు స్నేహితులతో బ్యాంకాక్ వెళ్ళి వస్తే అది సరదా. ఆడది ఒక్కతే వెళ్ళి రంగులరాట్నం ఎక్కితే అది బరితెగింపు.

వరకట్న చావులూ, పనిచేసే చోట వేధింపులూ, కూలి రేట్లలో తేడాలూ ఇన్ని ఉండగా ఈ పార్కుల గొడవ మనకెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కానీ విశ్రాంతి, వినోదం హక్కులని మనం కొత్తగా కనిపెట్టలేదు. 1948 నాటి విశ్వజనీన మానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణం విశ్రాంతినీ తీరిక సమయాన్నీ ప్రతి మనిషి హక్కుగా చెప్పింది. 1979లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన స్త్రీ వివక్ష నిర్మూలన ఒడంబడికలో 13వ అధికరణం వినోద కార్యక్రమాల్లో, ఆటల్లో పాల్గొనే హక్కును ప్రత్యేకంగా పేర్కొంది. మన దేశం 1993లో దాన్ని ధ్రువీకరించింది. విదేశాలకు వెళ్ళడం 21వ అధికరణం కింద వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లోనే సత్వంత్ సింగ్ కేసులో చెప్పింది. 1978లో మేనకా గాంధీ కేసులో ఆ మాటను మరింత బలపరిచింది. పాస్‌పోర్టుకు వివాహ ధ్రువపత్రం అక్కర్లేదనీ, విడిపోయినవారూ విడాకులు పొందినవారూ భర్త పేరు రాయనక్కర్లేదనీ 2016 డిసెంబరులో నిబంధనలు సడలించారు. అంటే చట్టం దారి ఇచ్చింది. ఇవ్వనిది ఇల్లు.

ఇల్లు ఇవ్వని వాటిలో మొదటిది కాలం. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు అందులో రోజుకు 289 నిమిషాలు గడుపుతుంటే, పాల్గొనే పురుషులు గడిపేది 88 నిమిషాలు. రెండోది డబ్బు. టోక్యో డిస్నీలాండ్ 2023 అక్టోబరులో నిర్ణయించిన ధరల ప్రకారం పెద్దలకు ఒకరోజు టికెట్టు, వెళ్ళే రోజును బట్టి, 7,900 నుంచి 10,900 యెన్లు. కూలికి వెళ్ళే స్త్రీకి ఇది అందని మాటే, దాచనక్కర్లేదు. అయితే మధ్యతరగతి ఇల్లాలికి కూడా ఇది అందకపోవడానికి కారణం ఇంట్లో డబ్బు లేకపోవడం కాదు, ఆ డబ్బు ఆమె పేరున లేకపోవడం. వీసా దరఖాస్తుతో బ్యాంకు లెక్కలు చూపించమంటారు. ముప్ఫై ఏళ్ళు వంట చేసినందుకు ఏ బ్యాంకులోనూ లెక్క ఉండదు. కాబట్టి ఆమె భర్త కాగితాలు జతచేయాలి, అంటే భర్త ఒప్పుకోవాలి. చట్టం అడగని అనుమతిని డబ్బు అడుగుతుంది. టూరు కంపెనీ ద్వారా పోదామంటే అక్కడా ధర ఇద్దరు కలిసి ఒక గదిలో ఉండే లెక్కన వేస్తారు, ఒంటరి మనిషికి అదనపు రుసుము.

మన స్త్రీలు ఇలాంటి పార్కులకు అసలు వెళ్ళడం లేదా? వెళ్తున్నారు. పురుళ్ళకు అమెరికా వెళ్ళిన తల్లులను సెలవురోజున పిల్లలు ఫ్లోరిడాకో కాలిఫోర్నియాకో తీసుకెళ్తారు. కొడుకూ కోడలూ రోలర్ కోస్టర్ ఎక్కుతారు. ఆవిడ కింద బెంచీ మీద కూర్చుని సంచులకు కాపలా, తోపుడుబండిలో నిద్రపోతున్న మనవడికి కాపలా. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఆవిడ కూడా ఎక్కాలనుకుంటుందేమో అన్న ఆలోచన ఎవరికీ, చాలాసార్లు ఆవిడకు కూడా, రాకపోవడమే ఉంది. ఒంటరిగా వెళ్ళడంలో అసలు విషయం ఇదే. ఒంటరిగా వెళ్ళినప్పుడు మాత్రమే ఆమెకు కాపలా కాయవలసిన సంచి ఉండదు.

నిజానికి ఒంటరి ప్రయాణానికి ఈ పార్కులు అనుకున్నంత కష్టమైనవి కావు. 1843లో మొదలైన కోపెన్‌హాగెన్ టివోలీ ఆ ఊరి ప్రధాన రైల్వేస్టేషను ఎదురుగానే ఉంది. 1992లో తెరిచిన పారిస్ డిస్నీలాండ్ గేటు దగ్గరికే నగర రైలు వెళ్తుంది. 1983 నాటి టోక్యో డిస్నీలాండ్‌కు టోక్యో స్టేషను నుంచి కెయియో లైనులో పావుగంట, దిగవలసిన స్టేషను మైహామా. కారు అక్కర్లేదు, గైడు అక్కర్లేదు. కొన్ని పార్కుల్లో కొన్ని ఆటలకు 'సింగిల్ రైడర్' అని వేరే వరుస ఉంటుంది. జట్లు కూర్చోగా మిగిలిన ఖాళీ సీటులో ఒంటరివాళ్ళను కూర్చోబెడతారు. అది కంపెనీ లాభం లెక్కే. అయినా "మీతో ఎవరొచ్చారు?" అని అడగని వరుస అది.

జపాను భాషలో 'ఒహితోరిసామ' అని ఒక మాట ఉంది. హోటలుకు ఒక్కరే వచ్చినవారిని గౌరవంగా అలా పిలుస్తారు. ఆ దేశపు స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త ఉఎనో చిజుకో ఒంటరి స్త్రీల వృద్ధాప్యం గురించి 2007లో రాసిన పుస్తకానికి ఆ మాటనే పేరులో పెట్టారు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. మన భాషలో 'ఒంటరి ఆడది' అన్న మాటకు 'గారు' తగిలించి చూడండి, నోరు తిరగదు.

అయితే అక్కడ అంతా స్వర్గమని చెప్పడం లేదు. రద్దీ రైళ్ళలో ఆడవాళ్ళ మీద చేతులు వేసే మగవాళ్ళ బెడద భరించలేకనే టోక్యో రైళ్ళలో స్త్రీలకు ప్రత్యేక పెట్టెలు పెట్టవలసి వచ్చింది. పార్కుల్లో బొమ్మల ముసుగుల వెనక ఉన్నదీ కార్మికులే. కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో పాత్రల వేషాలు వేసేవారు, ఊరేగింపుల్లో పనిచేసేవారు 2024 మేలో 258కి వ్యతిరేకంగా 953 ఓట్లతో యూనియను సాధించుకున్నారు. ఆడుకునే మన హక్కు, ఆడించేవారి హక్కును తొక్కి వచ్చేది కాకూడదు. టికెట్టు కొనే స్త్రీ ఆ సంగతి కూడా తెలుసుకుని వెళ్ళాలి.

నాంపల్లి నుమాయిష్‌లో ఏటా ఒక రోజు ఆడవాళ్ళకూ పిల్లలకూ కేటాయిస్తారు. ఆ రోజు జెయింట్ వీల్ మీద నుంచి వినిపించే కేకలు విన్నవారెవరూ మన స్త్రీలకు ఆటలంటే ఇష్టం లేదని అనలేరు. ఆ ఒక్క రోజూ మంచిదే. కానీ మిగిలిన రోజుల్లో కూడా, పక్కన ఎవరూ లేకుండా కూడా, నాంపల్లిలోనైనా టోక్యోలోనైనా ఆమె ఎక్కగలగాలి. అందుకు మొదట కావలసినవి మూడు: తన పేరున పాస్‌పోర్టు, తన పేరున బ్యాంకు ఖాతాలో తన డబ్బు, ఇంట్లో పని పంచుకునే మనుషులు. ఈ మూడూ ఉన్న తర్వాత ఆమె డిస్నీలాండ్‌కు వెళ్తుందా, ఇంట్లోనే పడుకుని నిద్రపోతుందా అన్నది ఆమె ఇష్టం. దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.