ముక్కెత్తి నడిచే కార్లు

ఆదివారం చెన్నై ఇంకా నిద్రలో ఉండగానే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మేల్కొంటుంది. పోర్షేలు, లాంబోర్గినీలు, ఫెరారీలు వరుసకట్టి మహాబలిపురం వైపు సాగుతాయి. ఓపికుంటే సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరి దాకా. టిఫిను, ఫొటోలు, ఎండ ముదిరేలోగా ఇంటికి. వారమంతా ముసుగు తన్ని పడుకున్న కార్లకు దక్కే గాలి అదే.

గంటకు 300 కిలోమీటర్లు దాటగల బండ్లకు ఇక్కడ అసలు ప్రత్యర్థి స్పీడ్ బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం దాని ఎత్తు 10 సెంటీమీటర్లు. ఆ లెక్క చూడకుండా పోసినవీ బోలెడు. మీట నొక్కితే ముక్కు పైకెత్తే కారు సైతం నత్తనడక నడవాల్సిందే. వెనక బస్సు హారన్ మోగుతూనే ఉంటుంది.

దారి పొడవునా మత్స్యకార గ్రామాలున్నాయి మరి. చేపల గంపతో బస్సు అందుకోవాలన్నా, పిల్లలు బడికెళ్లాలన్నా ఎందరికో ఈ రోడ్డు దాటక తప్పదు. పద్ధతి తెలిసిన బృందాలు ముందొక బండిని, చివరొక బండిని పెట్టుకుని వరుస తప్పకుండా వెళ్తాయి. 'ఎవరు ముందు' అన్న మాట వచ్చిందో, విహారం కాస్తా పందెమవుతుంది. అనుమతి లేని పందేనికి 2019 సవరణ ప్రకారం మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ 5,000తో ఈ కార్లలో చాలావాటికి ట్యాంకు కూడా నిండదు!

వేగానికి చోటు లేక కాదు. ఒకప్పుడు షోలవరం పాత రన్‌వే మీద జరిగిన రేసులకు 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ దొరికింది. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. ఎదురొచ్చే సైకిలుండదు, గంపతో అడ్డొచ్చే మనిషీ ఉండదు. సముద్రమూ ఉండదు, అదే చిక్కు.