అద్దె ఇంట్లో గ్యాస్ పైపు ఎవరిది?

ఢిల్లీ, నోయిడా, గుర్‌గావ్, ఘజియాబాద్ తెలుగు కుటుంబాలకు, ఇంటి యజమానులకు, కాలనీ సంఘాలకు విజ్ఞప్తి



అద్దెకు దిగేముందు కుళాయి తిప్పి చూస్తాం, ఫ్యాన్లు వేసి చూస్తాం, మెట్రో ఎంత దూరమో అడుగుతాం. పొయ్యి వెనక గ్యాస్ పైపు ఎన్నేళ్లనాటిదో మాత్రం అడగం. వాడుకునేవాళ్లే చూసుకోవాలని యజమాని అంటాడు. ఇంటితోపాటు వచ్చిందే కదా అని అద్దెకున్నవాళ్లు ఊరుకుంటారు. పదకొండు నెలల ఒప్పందం ముగుస్తుంది, ఇంకో కుటుంబం దిగుతుంది, పైపు మాత్రం అక్కడే ఉంటుంది. ఎవరిదీ కాని ఆ పైపుకు ఒక బాధ్యుడు ఉండాలి. ఈ కరపత్రం అడిగేది అదే.

సిలిండర్‌కు వాడే నారింజ రంగు సురక్షా పైపు ఆయుష్షు ఐదేళ్లు. పొడవు మీటరున్నర దాటకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు. పొయ్యి వేడికి ఎండి, ఎలుక కొరికి, బిగింపు దగ్గర పగుళ్లు వస్తాయి. ఐదేళ్లకోసారి గ్యాస్ ఏజెన్సీ మెకానిక్ వచ్చి కనెక్షన్ తనిఖీ చేయాలని నియమం ఉంది. ఆ ఐదేళ్లలో అద్దె ఇంట్లో నాలుగు కుటుంబాలు మారవచ్చు. అందుకే మనిషి మారినప్పుడల్లా తనిఖీ జరగాలని కోరుతున్నాం.

ఇల్లు మారితే గ్యాస్ కూడా మారవచ్చు. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. ఇంద్రప్రస్థ గ్యాస్ లాంటి సంస్థలు గొట్టాల ద్వారా ఇచ్చే గ్యాస్ తేలిక, పైకప్పు కిందికి చేరుతుంది. చలికాలంలో కిటికీలు బిగించి, బాల్కనీకి అద్దాలు వేయించి వంటగదిని పెట్టెలా మార్చుకుంటాం. కింద ఒకటి, పైన ఒకటి గాలి దారులు తెరిచే ఉంచాలి. గాలి చాలక మంట పసుపు రంగుకు తిరిగి గిన్నెలకు మసి పడితే, ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ పుడుతోందని అనుమానించాలి.

సిలిండర్ పొయ్యిని పైపు గ్యాస్‌కు పెట్టుకోవాలంటే జెట్లు మార్చాలి. వీధిలో కేకేస్తూ వచ్చే రిపేరు మనిషి చేత పాత జెట్ రంధ్రాన్ని పొడిచి పెద్దది చేయించకండి. ఆ పని గ్యాస్ సంస్థ పంపే మెకానిక్‌దే.

విద్యుత్ ఓవెన్‌దీ ఇదే కథ. 2000 వాట్ల ఓటీజీ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల సాకెట్‌కో ఎక్స్‌టెన్షన్ బోర్డుకో తగిలిస్తే వైరు కాలుతుంది. కేకు కంటే ముందు 16 ఆంపియర్ల ఎర్త్ ఉన్న సాకెట్ సంగతి చూసుకోండి.

డబ్బు లెక్క కూడా వినండి. చమురు సంస్థల బీమా కింద గ్యాస్ ప్రమాదంలో మరణిస్తే మనిషికి 6 లక్షల రూపాయల పరిహారం ఉంది. ఆస్తి నష్టానికి గరిష్ఠంగా 2 లక్షలు వస్తాయి, అదీ కనెక్షన్ నమోదైన చిరునామాలో ప్రమాదం జరిగితేనే. పక్కింటివాళ్ల సిలిండర్ తెచ్చుకుని వాడేవాళ్లకు ఈ లెక్క కలిసిరాదు. రాజేంద్రనగర్, ముఖర్జీనగర్ గదుల్లో సివిల్స్‌కు చదివే పిల్లలు కొట్లో కిలో లెక్కన నింపే బుడ్డి సిలిండర్లు వాడవద్దు. చమురు సంస్థలే 5 కిలోల సిలిండర్‌ను గుర్తింపు కార్డు చూసి అమ్ముతున్నాయి.

ఒక్కరి వంటింటి లోపం ఒక్కరితో ఆగదు. 1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో 18వ అంతస్తు మహిళ టీ కోసం అగ్గిపుల్ల గీశారు. పొయ్యికి గ్యాస్ చేర్చే ఇత్తడి నట్టు నాసిరకం కావడంతో గ్యాస్ అప్పటికే లీకై ఉంది. పేలుడుకు భవనం ఒక మూల మొత్తం కూలింది, నలుగురు చనిపోయారు. ఆ తర్వాత బ్రిటన్ భవన నియమాలే మార్చుకుంది. ఇరవై అంతస్తుల టవర్లలో ఉంటున్న మనం అంతదాకా ఆగనక్కర్లేదు.

మేం కోరేవి:

1. యజమానులు తాళం చెవులు ఇచ్చేలోపు కొత్త పైపు వేయించి, పొయ్యి తనిఖీ చేయించాలి. ఆ తేదీని అద్దె ఒప్పందంలో రాయాలి.

2. అద్దెకు దిగేవాళ్లు కనెక్షన్‌ను తమ పేరుకూ కొత్త చిరునామాకూ మార్పించుకోవాలి. సిలిండర్ తెచ్చిన మనిషి చేత అక్కడే తూకం వేయించి, లీకు లేదని చూపించమని అడగాలి. అది మన హక్కు.

3. కాలనీ సంఘాలు ఏటా దీపావళికి ముందు ఒకరోజు మెకానిక్‌లను పిలిపించి ఇంటింటి పైపులూ చూపించాలి. సిలిండర్ గ్యాస్ లీకు ఫోన్ నంబరు 1906ను ప్రతి లిఫ్టులో అంటించాలి.

4. తెలుగు సంఘాలు ఉగాది సభలో, కార్తీక వనభోజనాల్లో ఓ అరగంట దీనికి కేటాయించాలి. హిందీ రాని పెద్దవాళ్లకు తెలుగులోనే చేసి చూపించాలి.

ప్రమాదం వస్తే: వాసన రాగానే పొయ్యి ఆర్పి, రెగ్యులేటర్ లేదా గ్యాస్ వాల్వు కట్టేయండి. తలుపులు, కిటికీలు తెరవండి. ఏ స్విచ్చీ వేయవద్దు, తీయవద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా. బయటికి వెళ్లాకే ఫోన్ చేయండి: సిలిండరైతే 1906కు, పైపు గ్యాస్ అయితే ఆ సంస్థ అత్యవసర నంబరుకు. మంట లేస్తే 101. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయవద్దు, పొయ్యి కట్టేసి మూత పెట్టండి. ఒళ్లు కాలితే ఇరవై నిమిషాలు ధారగా చల్లటి నీళ్లు పోయాలి. పసుపు, టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. పెద్ద గాయమైతే ఆలస్యం చేయకుండా సఫ్దర్‌జంగ్ లాంటి కాలిన గాయాల విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈరోజే పొయ్యి జరిపి, పైపు మీద అచ్చు వేసిన సంవత్సరం చదవండి. అది కనిపించకపోతే గడువు దాటినట్టే లెక్క. పైపు మార్పించండి, బిల్లు యజమానికి చూపించండి, ఈ కాగితం పక్క ఫ్లాట్‌వాళ్లకు ఇవ్వండి.