వరి కోయకముందే మినుము చల్లాలి

పోటీ పరీక్షల గైడు తెరిస్తే మారిషస్ గురించి మీకు దొరికేది రెండే రెండు లైన్లు. రాజధాని పోర్ట్ లూయీ. కరెన్సీ రూపాయి. పుస్తకం కాస్త లావుదైతే డోడో పక్షి కూడా ఉంటుంది. బెజవాడ లెనిన్ సెంటర్‌లో కొన్న పాత పుస్తకమైనా, మొగల్రాజపురంలో ఫీజు కట్టి తెచ్చుకున్న మెటీరియలైనా ఇంతే. బిట్టుకు ఒక మార్కు వస్తుంది, కాదనం. కానీ ఆ దేశాన్ని నిదానంగా చదివితే, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న మీకు అక్కరకొచ్చే మాట ఒకటి దొరుకుతుంది. అదేమిటో చెప్పే ముందు దేశాన్ని చూద్దాం రండి.

జిల్లాలో పావు వంతు లేని దేశం

మ్యాపులో మడగాస్కర్‌కు తూర్పున, హిందూ మహాసముద్రంలో వెతకండి. దక్షిణాన దాదాపు 20 డిగ్రీల అక్షాంశం దగ్గర, మకరరేఖకు కొంచెం ఎగువన ఒక చుక్క కనిపిస్తుంది. ఉష్ణమండలమే, కానీ కాలాలు మనకు తలకిందులు. ఇక్కడ మే, జూన్‌లలో రోళ్లు పగిలే ఎండలు కాస్తుంటే అక్కడ చలికాలం మొదలవుతుంది. అగ్నిపర్వతాల లావాతో పుట్టిన దీవి ఇది. చుట్టూ పగడపు దిబ్బలు. ఎత్తైన శిఖరం 828 మీటర్లు. ప్రధాన ద్వీపం 1,865 చదరపు కిలోమీటర్లు. రోడ్రిగ్స్, అగలేగా వంటి చిన్న దీవులు కలిపినా 2,040. విభజనకు ముందటి మన కృష్ణా జిల్లా 8,727 చదరపు కిలోమీటర్లు. అంటే అందులో పావు వంతు కూడా లేదు. జనాభా సుమారు 12.6 లక్షలు. 2011 లెక్కల్లో ఒక్క విజయవాడ నగరంలోనే పది లక్షల పైచిలుకు జనం ఉన్నారు.

నేల చిన్నదే గానీ సముద్రం చిన్నది కాదు. ఆ దేశానికి హక్కున్న ప్రత్యేక ఆర్థిక మండలి సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు మన దేశానికి ఉన్నంత. చాగోస్ దీవుల కోసం బ్రిటన్‌తో దశాబ్దాలపాటు ఎందుకు పోరాడిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం మారిషస్ వైపు అభిప్రాయం చెప్పింది. 2025 మేలో రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. డియెగో గార్సియా స్థావరాన్ని మాత్రం 99 ఏళ్ల లీజు కింద బ్రిటన్ చేతిలో ఉంచాలన్నది అందులోని షరతు.

నేల కింద చూస్తే బొగ్గు లేదు, చమురు లేదు. పైన చూస్తే తుపాన్లు. దక్షిణార్ధగోళం కాబట్టి అక్కడి తుపాను గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది, మనది దానికి ఎదురు. నష్టం మాత్రం ఎక్కడైనా ఒక్కటే. 1977 నవంబరు 19న దివిసీమ ఏమైపోయిందో మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. మారిషస్‌లో అలా చెప్పుకునే పేరు క్యారల్. 1960 ఫిబ్రవరిలో వచ్చి ఇళ్లను వేల సంఖ్యలో కూల్చేసింది. అక్కడ కాంక్రీటు ఇళ్లు పెరిగింది ఆ తర్వాతే.

ఇంత గాలిని తట్టుకుని మళ్లీ నిలబడే పైరు చెరకు. డచ్చివాళ్లు 1639లో దాన్ని అక్కడ నాటారు. తర్వాత 1715 నుంచి ఫ్రెంచివాళ్లు, 1810 నుంచి ఇంగ్లిషువాళ్లు దాన్ని దీవంతా పరిచారు. ఉయ్యూరు వైపు చెరకు బళ్ల వెనక సైకిల్ తొక్కినవాళ్లు ఊహించుకోండి. ఊరు దాటితే చెరకు, ఇంకో ఊరు దాటితే మళ్లీ చెరకు. 1960ల్లో ఆ దేశపు ఎగుమతుల్లో నూటికి తొంభై పాళ్లకు పైగా పంచదారే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఒక్కటే దారి ఉన్నవాళ్లు

ఆ దీవికి ఆదివాసులు లేరు. ఉన్నవాళ్లంతా ఎక్కడినుంచో వచ్చినవాళ్లు, లేదా తేబడ్డవాళ్లు. చెరకు తోటల్లో మొదట ఆఫ్రికా, మడగాస్కర్ బానిసలు చాకిరీ చేశారు. 1835లో బానిసత్వం రద్దయింది. దానికి ముందే, 1834 నవంబరు 2న, ‘అట్లాస్’ అనే ఓడ 36 మంది భారతీయ కూలీలను పోర్ట్ లూయీలో దించింది. 1920 వరకూ అలా ఒప్పందం మీద వచ్చినవాళ్లు సుమారు నాలుగున్నర లక్షలు. వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. నేటి జనాభాలో మూడింట రెండు వంతులు భారత సంతతే.

అందులో మనవాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కారు కాబట్టి అక్కడ తెలుగువాళ్లకు కోరంగులనే పేరు పడింది. ఇప్పటికీ ఆ ఇళ్లలో సింహాద్రి అప్పన్నకు పూజలు చేస్తారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1947లో మారిషస్ ఆంధ్ర మహాసభ పుట్టింది. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఆ గడ్డ మీదే.

ఎందుకు వెళ్లారంటారా? ఆ కాలం చూడండి. 1832-33లో నందన కరువు గుంటూరు సీమను పీల్చి పిప్పి చేసింది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855 నాటికి గానీ పూర్తి కాలేదు. ఇవాళ పచ్చగా కనిపించే కోస్తా అప్పట్లో వాన మీద ఆధారపడిన నేల. ఉన్న ఊళ్లో పని లేక, వేరే దారి తెలియక, తాము చదవలేని కాగితానికి జనం ఒప్పుకున్నారు. తొలినాళ్లలో మగవాళ్లకు నెలకు అయిదు రూపాయలు, తిండి గింజలు. ఒప్పందం అయిదేళ్లు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవాళ్లు. ఒక్కటే దారి ఉన్నవాడితో బేరం అలాగే ఉంటుంది.

ఆ మనుషులే పైసా పైసా కూడబెట్టారు. 19వ శతాబ్దం చివర్లో తోటల యజమానులు భూమిని ముక్కలుగా అమ్ముతుంటే కొనుక్కున్నారు. పిల్లల్ని చదివించారు. 1947లో రాజ్యాంగం మారి, దీవిలో వాడుకలో ఉన్న ఏదో ఒక భాషలో రాయడం, చదవడం వస్తే చాలు, ఓటు ఇస్తామన్నారు. ఊరూరా రాత్రిపూట అక్షరాలు దిద్దించే ఉద్యమం నడిచింది. 1948 ఎన్నికల్లో ఆ అక్షరాలే ఓట్లయ్యాయి. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. గాంధీజీ దండి యాత్ర మొదలైన తేదీ అది. సరిగ్గా అదే తేదీన 1992లో గణతంత్రమైంది.

ప్రభుత్వం మన పార్లమెంటరీ పద్ధతిలాంటిదే. అధికారం ప్రధానిది. అధ్యక్షుణ్ని జాతీయ సభ ఎన్నుకుంటుంది. 20 నియోజకవర్గాల నుంచి ముగ్గురేసి, రోడ్రిగ్స్ నుంచి ఇద్దరు, మొత్తం 62 మంది ఎన్నికవుతారు. దీనిపైన ఓ విచిత్రం ఉంది. ఏ వర్గానికైనా సభలో చోటు తక్కువైతే, ఓడినవాళ్లలో మెరుగ్గా ఓట్లు తెచ్చుకున్నవారికి ఎనిమిది సీట్ల వరకూ ఇస్తారు. ఇప్పటికీ 1972 జనగణన లెక్కలే దానికి ఆధారం కావడంతో వివాదం నడుస్తూనే ఉంది. 2024 నవంబరు ఎన్నికల్లో నవీన్ రామ్‌గులాం కూటమి 62లో 60 సీట్లు గెలిచింది. ఆయన తండ్రి శివసాగర్ రామ్‌గులాం దేశానికి తొలి ప్రధాని. సైన్యమంటూ విడిగా లేదు, పోలీసు బలగాల్లోని ప్రత్యేక దళమే ఆ పని చూస్తుంది. పై కోర్టుకు పైకోర్టు ఇప్పటికీ లండన్‌లోని ప్రివీ కౌన్సిలే.

చెరకు నిలిచుండగానే

ఇక అసలు సంగతి. 1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త మారిషస్ మీద నివేదిక రాశాడు. ఒక్క పంట, పెరిగిపోతున్న జనం, పని దొరకని యువత. ఈ దేశం ప్రశాంతంగా బాగుపడే అవకాశం తక్కువేనని తేల్చాడు. తర్వాత 1977లో నోబెల్ అందుకున్నంత పెద్దమనిషి. ఆయన లెక్క తప్పు కాదు. ఆ లెక్క చూసి దేశం ఏం చేసిందన్నదే ముఖ్యం.

పంచదార పనైపోయే దాకా ఆగలేదు. 1970లోనే ఎగుమతి పరిశ్రమల కోసం చట్టం చేసింది. యూరప్‌తో కుదిరిన ఒప్పందం 1975 నుంచి పంచదారకు మంచి ధర తెచ్చిపెట్టింది. ఆ డబ్బులో కొంత బట్టల ఫ్యాక్టరీలకు, హోటళ్లకు మళ్లింది. చెరకు పీకేయలేదు, చెరకు పక్కనే ఇంకోటి మొలిపించారు. 1970ల్లోనే సెకండరీ చదువు ఉచితం చేశారు. 2005లో ప్రపంచ బట్టల వ్యాపారంలో కోటాలు ఎత్తేసి చైనాకు తలుపులు తెరిస్తే ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాయి. 2006లో యూరప్ మొదలెట్టిన సంస్కరణలతో పంచదార హామీ ధర 36 శాతం తగ్గింది. ఒకదాని వెనక ఒకటిగా రెండు దెబ్బలు. కానీ అప్పటికే పర్యాటకం ఉంది, బ్యాంకింగ్ ఉంది, ఎబెన్‌లో మన దేశ సాయంతో లేచిన సైబర్ సిటీ ఉంది.

అలాగని స్వర్గమేమీ కాదు. 2020లో కోవిడ్‌తో విమానాలు ఆగి హోటళ్లు బోసిపోయాయి. అదే ఏడాది జులైలో వకాషియో ఓడ పగడపు దిబ్బను గుద్దుకుని, ఆగస్టులో చమురు ఒలికి సముద్రం నల్లబడింది. చదువుకున్న యువత విదేశాల బాట పడుతోంది. ఏ పంటా శాశ్వతం కాదు. ఒకటి పోయిననాడు ఇంకొకటి చేలో ఉండటమే ఆ దేశాన్ని నిలబెట్టింది.

ఈ పని మన డెల్టా రైతుకు కొత్త కాదు. పామర్రు, మొవ్వ, చల్లపల్లి వైపు కోతల ముందు చేలగట్ల మీద నడిచినవాళ్లకు తెలుసు. వరి ఇంకా నిలిచి ఉండగానే, కోతకు రెండు మూడు రోజుల ముందు, మడిలో మినుములు చల్లేస్తారు. కోసి, కుప్ప వేసి, తీరిగ్గా చల్లుదామంటే నేల ఆరిపోతుంది, గింజ మొలవదు. ముందే చల్లితే కొత్తగా నీళ్లు పెట్టక్కర్లేదు. వరికి పెట్టిన తడి, రాత్రి కురిసే మంచు చాలు.

ఇప్పుడు మీ సంగతి చూడండి. మీ చేలో ఎన్ని పంటలున్నాయి? క్లాసులో అందరూ సీఎస్‌ఈ, అందరి చూపూ రెండు మూడు కంపెనీల క్యాంపస్ సెలెక్షన్ మీద. డిగ్రీ చేసినవాళ్లలో చాలామంది గ్రూప్స్ అని కూర్చుంటారు. నోటిఫికేషన్ రాదు, వస్తే కోర్టులో ఆగుతుంది, ఈలోగా వయసు ఆగదు. గ్రూప్స్ మానేయమని ఎవరూ చెప్పట్లేదు. వరి వరే. పక్కన మినుము ఏదన్నదే ప్రశ్న.

‘రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు’ అని ఇంట్లో అంటారు. నిజమే. కానీ మినుము రెండో పడవ కాదు, అదే చేను. కాబట్టి రెండో విద్య కోసం మళ్లీ లక్షలు అప్పు చేసి కొత్త కోర్సులో చేరకండి. ఇప్పటికే మీలో ఉన్న తడితో మొలిచేదే చూసుకోండి. బీకాం చదువుతుంటే ఏదైనా ఆడిటర్ ఆఫీసులో రోజుకు రెండు గంటలు కూర్చుని జీఎస్టీ రిటర్నులు వేయడం నేర్చుకోండి. మెకానికల్ వాళ్లయితే ఆటోనగర్ పక్కనే ఉంది, సెలవుల్లో వెళ్లి చేతులు మురికి చేసుకోండి. బీఎస్సీ వాళ్లకు కైకలూరు వైపు చెరువుల నీటి పరీక్షల పని ఉంది. గ్రూప్స్‌కు చదివేవాళ్లు ఆ పాలిటీ, ఎకానమీనే పది మందికి చెప్పగలరు, అనువాదం చేయగలరు. అలా నేర్చుకున్నది కూడు పెట్టినా పెట్టకపోయినా, ఇంటర్వ్యూ గదిలో మీ గొంతు మారుస్తుంది. ఇంకో దారి ఉన్నవాడు వణకడు.

కాగితం చదివే ధైర్యం కూడా అలాంటివాడికే ఉంటుంది. విదేశీ ఉద్యోగమంటూ ఏజెంట్ వచ్చినప్పుడు కోరంగి రేవును ఒక్కసారి తలచుకోండి. ఆ ఏజెంట్‌కు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. ఇప్పటి నిబంధనల ప్రకారం రిజిస్టరైన ఏజెంట్ తీసుకోగలిగిన సర్వీస్ చార్జీ 30 వేల రూపాయలు, దానిపైన జీఎస్టీ, అంతే. జీతం, పని గంటలు, వసతి, తిరుగు టికెట్ ఎవరిదో రాతలో ఉందా? టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటే ఆ మనిషికి అక్కడితో దండం పెట్టేయండి. ముత్తాతలకు అక్షరం రాదు. మీకు వచ్చు.

పరీక్షలో మారిషస్ రాజధాని అడిగితే పోర్ట్ లూయీ అని గుర్తు పెట్టండి, మార్కు తెచ్చుకోండి. ఆ సాయంత్రం మాత్రం ఓ తెల్ల కాగితం మీద మీ వరి ఏదో రాసుకుని, దాని పక్కన మినుము పేరు రాయండి. ఫైనలియర్ అయ్యాక చూద్దాం, రిజల్ట్ వచ్చాక చూద్దాం అంటారేమో. అప్పటికి నేల ఆరిపోతుంది.