నమూనా బొమ్మలు మన ఆస్తి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. కంప్యూటర్లను కొత్త విండోస్‌కు మార్చుచున్న జకార్డు నేత సోదరులు ఒక సంగతి గమనింపవలెను.

బిట్‌మ్యాపు నమూనాలో ఒక్కొక్క చుక్క పడుగు పేకల ఒక్కొక్క కలయికకు గుర్తు. పాత డిజైను ప్రోగ్రాములు కొన్ని 2 లేక 256 రంగుల బొమ్మలనే చదువును. కొత్త యంత్రములో మరల భద్రపరచినపుడు ఆ బొమ్మ 24 బిట్లదిగా మారినచో పాత ప్రోగ్రాము దానిని తెరువదు. అంతమాత్రమున డిజైను పోయినదని మరల గీయించుటకు సొమ్ము పోయవద్దు. నకలు తీసి, ప్రోగ్రాము కోరిన రంగుల లెక్కకు మార్చి బి.ఎం.పి.గానే భద్రపరచవలెను. జేపెగ్‌గా మార్చరాదు, అంచుల వద్ద లేని రంగులు చేరును. వెడల్పు చుక్కలు హుక్కుల లెక్కతో సరిపోవలెను. అట్టలు కొట్టుటకు ముందే ఇవన్నియు సరిచూడవలెను.

అహేరి, సిరోంచా వంటి సరిహద్దు ఊళ్లలో బాగుచేయువారు పిలిచిన వెంటనే దొరకరు. కావున మార్పునకు ముందే అసలు ఫైళ్ల నకలొకటి సంఘము బీరువాలో ఉండవలెనని నా అభిప్రాయము. తెరపై తప్పు దిద్దుటకు ఖర్చు లేదు. బట్టలో పడిన తప్పు నేతగాని కూలిని తినును.