డ్రాయింగ్ పీరియడ్ ఎటు పోయింది?

ఈఏపీసెట్ ర్యాంకు చూసుకున్నాక ఆర్కిటెక్చర్ గుర్తొచ్చే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ ర్యాంకుతో బి.ఆర్క్ సీటు రాదు. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ చదివుండాలి. ఆపైన ఆర్కిటెక్చర్ కౌన్సిల్ పెట్టే నాటా గానీ, జేఈఈ మెయిన్ పేపర్ 2ఎ గానీ రాయాలి. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ)కు పేపర్ 2ఎ ర్యాంకే చూస్తారు. ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీలకైతే జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాక ఆర్కిటెక్చర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ (ఏఏటీ) కూడా నెగ్గాలి.

వీటన్నిటిలోనూ చేత్తో బొమ్మ గీయాల్సిందే. నాటాలో 200 మార్కులకు 80, పేపర్ 2ఎలో 400కు 100 డ్రాయింగువే. అదే న్యాయం. కిటికీలోంచి వెలుతురు ఎంత దూరం పడుతుందో, మెట్టు ఎంత ఎత్తుంటే ముసలమ్మ మోకాలు నొప్పెట్టదో ఇల్లు గీసేవాళ్ల కంటికి ఆనాలి. ఫార్ములాలు బట్టీ పడితే వచ్చేది కాదది.

నా బాధంతా దానికి ముందున్న చదువు గురించే. డ్రాయింగ్ పీరియడ్‌ను హైస్కూల్లోనే లెక్కల సారు తీసేసుకుంటారు. ఎంపీసీ హాస్టల్లో తెల్లారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి దాకా ఐఐటీ మెటీరియలే. అలాంటి పిల్లను నెల రోజుల కోచింగ్‌లో పడేస్తే ఏం చేస్తుంది? ఒక సంత బొమ్మ, ఒక బస్టాండు బొమ్మ బట్టీ పడుతుంది. ఎడమ పక్క చెట్టు, దాని కింద బుట్ట పెట్టుకున్న మనిషి. ఆ పిల్ల రోజూ బస్సెక్కే చోట సిమెంటు బెంచీ ఎండలో కాలిపోతుంటుంది, జనమంతా వెనక గోడ నీడన నిలబడతారు. అది మాత్రం బొమ్మలోకి రాదు. చూసి గీయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు మరి.

ఫీజు కట్టగలిగినవాళ్లకు ఆ కోచింగైనా ఉంది. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివే తాపీమేస్త్రి కొడుక్కి అదీ లేదు. సెలవుల్లో నాన్న వెంట పనికెళ్లి రసమట్టం పట్టిన కుర్రాడు గోడ వంకర చూడగానే చెప్పేస్తాడు. ఇలాంటి కోర్సొకటి ఉందనే సంగతే అతనికి తెలియదు.

రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులనూ అడుగుతున్నాను. ఎంపీసీకి వారంలో రెండు గంటలు డ్రాయింగ్ ఇవ్వండి, మార్కులు అక్కర్లేదు. ఫస్టియర్‌లోనే నాటా గురించి చెప్పండి. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూ, విజయవాడ ఎస్‌పీఏ విద్యార్థులను ప్రభుత్వ కాలేజీలకు పిలిపించి, వాళ్ల షీట్లు, మోడళ్లు పిల్లలకు చూపించండి.