వెబ్‌సైటును ఎక్కడ దిద్దుకోవాలి?

కళాశాలకు వెబ్‌సైటు అవసరమా, కాదా అన్న చర్చకు కాలం చెల్లిపోయింది. ప్రవేశ ప్రకటన మొదలు ఉపకారవేతనపు గడువు వరకు, పరీక్షల పట్టిక మొదలు బదిలీ ధ్రువపత్రపు దరఖాస్తు వరకు దేనికైనా విద్యార్థి నేడు మొదట చూచేది చేతిలోని ఫోనునే. అయితే ఆ పుటలను ఎక్కడ కూర్చాలి, ఎక్కడ పరీక్షించాలి, ఎప్పుడు పదిమంది ఎదుట పెట్టాలి అన్న ప్రశ్నను మాత్రం మన పశ్చిమ ప్రకాశపు విద్యాసంస్థలలో అడిగేవారు అరుదు. రంగులు ఎట్లుండాలి, ముఖపుటలో ఎవరి చిత్రం ముందు రావాలి అన్న విషయాలపై గంటలు గడుస్తాయి. స్థలం సంగతి పని చేసే కుర్రవాని ఇష్టానికి వదలివేస్తారు. ఇది సాంకేతికుల గొడవ కాదనీ, కళాశాల కమిటీ స్వయంగా కూర్చుండి నిర్ణయించదగిన విషయమనీ నా అభిప్రాయం.

మార్కాపురం వారికి ఈ సంగతి సులభంగానే బోధపడాలి. మన గనులలోని రాయి పలకలై దేశంలోని ఎన్నో బడులకు, విదేశాలకు కూడా పోయింది. పిల్లవానికి మొదట పలకనే ఎందుకు ఇచ్చారు? తప్పు వ్రాస్తే తుడిచివేయవచ్చు గనుక, ఆ తప్పు మరెవరి కంటా పడదు గనుక. అక్షరం కుదిరిన తరువాతనే కాగితం. ఊరంతా చదివే కాగితం మీద ఓనమాలు దిద్దించే ఉపాధ్యాయుడు ఎక్కడా లేడు. వెబ్‌సైట్ల విషయంలో మనం చేస్తున్నది మాత్రం అదే.

నడుస్తున్న సైటులోనే మార్పులు చేసే అలవాటును తీసుకుందాం. మధ్యాహ్నం వేళ ఇక్కడ ఒకరు దరఖాస్తు పత్రంలో ఒక గడిని సవరిస్తూ ఉంటారు. అదే నిమిషంలో రాచర్ల నుండియో, అర్ధవీడు నుండియో ఒక విద్యార్థిని ఆ పత్రాన్ని నింపుతూ ఉండవచ్చు. ఆమె నొక్కిన మీట ఎక్కడికీ చేరదు. చేరలేదన్న సంగతి ఆమెకు తెలిసేది గడువు దాటిన తరువాత. తప్పు చేసినది ఒకరు, సీటు పోగొట్టుకొన్నది మరొకరు. ఈ అన్యాయమే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినప్పుడు జరిగినది మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. హాజరైనవారు గైరుహాజరుగా నమోదయ్యారు. మార్కుల పట్టికలలో తప్పులు దొర్లాయి. కొందరు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో సంఘాన్ని నియమించింది. పాత పద్ధతిని, కొత్త పద్ధతిని కొంతకాలం పక్కపక్కన నడిపి ఫలితాలను సరిచూడకపోవడాన్ని ఆ సంఘం ఎత్తిచూపింది. తప్పినవారందరి జవాబుపత్రాలను, అనగా మూడు లక్షలకు పైగా విద్యార్థుల పత్రాలను, ఉచితంగా మళ్ళీ పరిశీలించవలసి వచ్చింది. సంపన్న దేశాలకు కూడా ఈ చిక్కు తప్పలేదు. అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం 2013 అక్టోబరు 1న తెరచిన సైటులో మొదటి రోజున నమోదు పూర్తి చేయగలిగినవారు ఆరుగురు. అన్ని భాగాలనూ కలిపి మొదటి నుండి చివరి వరకు పరీక్షించినది చివరి రెండు వారాలలోనేనని నిర్మాతలే తరువాత ఆ దేశపు శాసనసభ్యుల ఎదుట ఒప్పుకున్నారు.

అయితే ఎక్కడ నిర్మించాలి? మొదటి స్థలం ఎవరి కంప్యూటరు వారిదే. ఎక్జాంప్ వంటి ఉచిత సామగ్రిని ఎక్కించుకుంటే కంప్యూటరే ఒక చిన్న సర్వరుగా పనిచేస్తుంది. 127.0.0.1 అన్న చిరునామాకు పోతే మన పుట మనకే కనిపిస్తుంది, మరెవరికీ కనిపించదు. ఇంటర్నెట్ లేకున్నా పని ఆగదు. గిద్దలూరులో గాలివాన వచ్చి తీగ తెగిన రోజున ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది! నేర్చుకొనే విద్యార్థికి ఇంతకు మించిన పలక లేదు.

కాని ఈ పలకకు ఒక మాయగుణం ఉంది. ఇక్కడ సరిగా ఉన్నది అక్కడ సరిగా ఉండకపోవచ్చు. మన కంప్యూటర్లలో ఎక్కువ భాగం విండోస్‌వి; సైట్లను మోసే సర్వర్లు ఎక్కువగా లైనక్స్‌వి. ఆంగ్లంలో పెద్దబడి అక్షరంతో పేరు పెట్టిన చిత్రాన్ని చిన్నబడి అక్షరంతో పిలిచినా విండోస్ పలుకుతుంది, లైనక్స్ పలకదు. కావున ఇంటిలో చక్కగా కనిపించిన గ్రంథాలయపు చిత్రం సర్వరు మీద ఖాళీ గడియై నిలుస్తుంది. సమాచారాన్ని దాచే పట్టికకు యూనికోడ్ లిపి అమరిక చెప్పక అటు తరలిస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాల వరుసలుగా మారతాయి. ఫాంటు సంగతి మరీ మోసకరం. నిర్మించినవారి కంప్యూటరులో ఆ ఫాంటు ఉంటుంది గనుక వారికి అంతా ముత్యాల కోవవలె కనిపిస్తుంది. చూచేవారి ఫోనులో అది ఉండదు.

మన కళాశాల వంటి రెండు భాషల సంస్థకు ఈ చిక్కు ఇబ్బడి అవుతుంది. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడుస్తుంది. దానిలోని అంకెలు ఎడమ నుండి కుడికి నడుస్తాయి. ఒకే వరుసలో ఉర్దూ పేరు, దూరవాణి సంఖ్య, తెలుగు వీధి పేరు కలిసినప్పుడు ఏది ఎటు పోతుందో చూస్తేనే గాని తెలియదు. నస్తాలీఖ్ అక్షరం వాలుగా దిగుతుంది, తెలుగు ఒత్తు క్రిందికి దిగుతుంది. ఆంగ్లానికి సరిపోయే వరుస ఎత్తు పెడితే రెండూ తెగిపోతాయి. మరొక సూక్ష్మం ఉంది. అరబ్బీ మీటలతో కొట్టిన ‘యే’, ఉర్దూ మీటలతో కొట్టిన ‘యే’ పదం మధ్యలో కంటికి ఒక్కటే. యంత్రానికి అవి రెండు వేరు అక్షరాలు. జాబితాలో తన పేరు వెదికిన విద్యార్థికి పేరు లేదని సమాధానం వస్తుంది, పేరు అక్కడే ఉన్నా! 2022లో శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసింది. ఆ గౌరవం తెరమీద నిలవాలంటే ఇట్టివి ఎవరో ఒకరు ముందే పరీక్షించాలి.

కనుక రెండవ స్థలం కావాలి: అసలు సైటు ఏ సర్వరు మీద ఉండబోతుందో ఆ సర్వరు మీదనే, అవే అమరికలతో, వేరొక ఉపనామం క్రింద ఉంచిన ప్రతి. చాలా సంస్థలు దీనికి ప్రత్యేకమైన రుసుము తీసుకోవు. దానికి తాళం వేయాలి, అనగా సంకేతపదం లేనిదే తెరుచుకోకూడదు. వెదికే యంత్రాలకు చిక్కకూడదు. గిట్‌హబ్ ఉచిత ఖాతాలో పెట్టవచ్చునని కొందరంటారు. నేర్చుకొనే పుటలకు అది మంచిదే, కాని అక్కడ పెట్టిన సైటు లోకానికంతటికీ కనబడుతుంది. కనుక కళాశాల పరీక్షా ప్రతికి అది తగదు.

ఇంకొక విషయంలో మాత్రం నేను రాజీపడను. పరీక్షకు నిజమైన విద్యార్థుల పేర్లు, ఆధార్ సంఖ్యలు, తల్లిదండ్రుల ఆదాయ వివరాలు వాడరాదు. పని సులువని అసలు పట్టికనే ఎత్తి పరీక్షా ప్రతిలో పోయడం ఎన్నో చోట్ల ఆచారమైపోయింది. కాపలా తక్కువైన ఇంటిలో నగలు దాచడం వంటిది అది. 2023లో వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చినది, కాని చట్టం లేకున్నా ఇది చేయరాని పనియే. కల్పిత పేర్లు రెండు వందలు వ్రాసుకొనడానికి ఒక సాయంత్రం చాలు. పరీక్షా ప్రతి నుండి నిజమైన ఫోన్లకు సందేశాలు పోకుండా కూడా కట్టడి చేయాలి. లేకుంటే ‘మీకు సీటు వచ్చింది’ అన్న ఉత్తుత్తి వార్త ఒక ఇంటిలో నిజమైన పండుగ చేయిస్తుంది.

ఖర్చెవరు పెడతారని కమిటీలో ఒకరు అడుగుతారని నాకు తెలుసు. ధనం కన్న దినాలే ఎక్కువ కావాలి. ప్రవేశాలకు నెల ముందు ప్రతి సిద్ధమైతే పది రోజులు పరీక్షకు మిగులుతాయి. ఆ పరీక్ష కంప్యూటరు గదిలోని మంచి యంత్రాల మీద కాక, నల్లమల అంచున ఉన్న పెద్దదోర్నాల, యర్రగొండపాలెం వైపు నుండి వచ్చే విద్యార్థుల ఫోన్ల మీద, వారి ఊళ్ళలో, వారికి దొరికే సంకేతబలంతోనే జరగాలి. ఉర్దూ విభాగం నుండి ఒకరు, తెలుగు విభాగం నుండి ఒకరు, కార్యాలయపు గుమాస్తా ఒకరు దరఖాస్తును మొదటి నుండి చివరి వరకు నింపి చూడాలి. సైటును నిర్మించిన విద్యార్థి మాత్రం ఆ రోజు వారి దగ్గర ఉండకూడదు. ఉంటే ‘అక్కడ కాదండీ, ఇక్కడ నొక్కండి’ అని చెప్పక మానడు.