స్ట్రీమింగ్ ఆటల్లో సోనీకి దక్కేదెంత?

నెలవారీ చందాపై ఆటలను ఇంటర్నెట్ ద్వారా ప్రసారం చేసే సేవలను, సినిమాలు అందించే ఓటీటీలతో పోల్చడం పరిపాటి అయింది గాని, ఆ పోలికలో ఈ వ్యాపారపు అసలు చిక్కు మరుగున పడుతోంది. సినిమా ఒకసారి సిద్ధమైతే అదే ఫైలును లక్షల మందికి పంపవచ్చు, రాబోయే సన్నివేశాలను ప్రేక్షకుడి ఫోనులోనో టీవీలోనో ముందుగానే నింపి ఉంచవచ్చు. ఆటలో తర్వాతి దృశ్యం ఆడేవారు నొక్కే బటన్‌ను బట్టి అప్పటికప్పుడు పుడుతుంది కనుక ముందే నింపి ఉంచడానికి ఏమీ ఉండదు. సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 విడి చిత్రాలు, చూపే ఆటలో ఒక్కో చిత్రానికి దక్కే వ్యవధి 17 మిల్లీసెకన్ల లోపే. బటన్ సంకేతం సర్వర్‌కు చేరి, అక్కడ తయారైన చిత్రం తిరిగి తెర మీదికి వచ్చేలోపు జరిగే ఆలస్యాన్ని, అంటే లేటెన్సీని, ఆడేవారి చెయ్యి ఇట్టే పసిగడుతుంది. పైగా ఒక్కొక్కరికి ఆడినంతసేపూ సర్వర్‌లో విడిగా గ్రాఫిక్స్ సామర్థ్యం కేటాయించాలి కాబట్టి, చందాదారులు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతూనే ఉంటుంది.

2012లో గైకై అనే స్ట్రీమింగ్ సంస్థను 38 కోట్ల డాలర్లకు కొన్న సోనీ, 2014లో ప్లేస్టేషన్ నౌ సేవను ప్రారంభించి, మరుసటి ఏడాది అమెరికాలో దాదాపు 20 డాలర్ల నెలచందా పెట్టి, 2019లో దాన్ని సగానికి తగ్గించింది. 2020 నాటికి ఆ సేవకు చేరినవారు సుమారు 22 లక్షల మంది. అప్పటికే అమ్ముడైన ప్లేస్టేషన్ 4లు 10 కోట్లు దాటాయి. కన్సోల్ ఉన్నవారికి కొత్త ఆటను తమ యంత్రంలోనే ఆడుకోవడం మేలుగా ఉంటుంది. కన్సోల్ తయారీదారుకు కూడా ఆట విడిగా అమ్ముడై తన వాటా తనకు రావడమే లాభం. సొంత ఆటలను విడుదల రోజునే చందాలో చేర్చే మైక్రోసాఫ్ట్ బాటను సోనీ పట్టకపోవడం సరైన నిర్ణయమే. గూగుల్ స్టేడియా 2019 నవంబరులో మొదలై 2023 జనవరిలో మూతపడడాన్ని చూస్తే, సర్వర్ల బలం ఒక్కటే సరిపోదని తేలుతుంది.

సోనీకి నిజమైన అవకాశం పాత ఆటల్లో ఉంది. సెల్ అనే విలక్షణ ప్రాసెసర్ కోసం రాసిన ప్లేస్టేషన్ 3 ఆటలు తర్వాతి యంత్రాల్లో నేరుగా నడవవు. వాటిని సర్వర్‌లో నడిపి ప్రసారం చేయడం వల్లనే ఒక తరపు సృజన అంతా అటకెక్కకుండా కొంతైనా నిలిచింది. 2022లో ప్లేస్టేషన్ నౌ, సోనీ మరో చందా సేవ అయిన ప్లేస్టేషన్ ప్లస్‌లోని ప్రీమియం శ్రేణిలో కలిసిపోయినప్పుడు, భారతదేశానికి మాత్రం స్ట్రీమింగ్ లేని డీలక్స్ శ్రేణి దక్కింది. దానితో హైదరాబాదులోనో విజయవాడలోనో ప్లేస్టేషన్ 5 కొన్నవారికి, కొత్త యంత్రాల కోసం తిరిగి రూపొందించిన కొన్ని తప్ప, ఆ తరం ఆటలు అందకుండా పోయాయి. కొత్త చందాదారుల కోసం కొత్త ఆటలను చవకగా పంచే ఆలోచన కంటే, ఇలాంటి దేశాల్లో సర్వర్లు నెలకొల్పి ఆ పాత భాండాగారాన్ని తెరవడం సోనీకి ముందుగా చేయదగిన పని.